టేపు దాకా ఆరడుగులు

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. నేల మీద అంటించిన పసుపు టేపు దాకా ఆరడుగులు వేయాలి. పరీక్ష అంతే. నడక నేర్చిన పసిపిల్లాడు కూడా పాసవుతాడు. డెబ్బై దాటి, తొడల్లో కండ కరిగాక మాత్రం అది కొండెక్కడమే.

ఈ పూటతో గడువు సరి. ఆరడుగులు పడితే భార్యాభర్తలిద్దరూ కలిసి ఇంటికి. పడకపోతే ఒకరు ఇంటికి, ఒకరు లేవలేనివాళ్ళను ఉంచే పైఅంతస్తు పడక వార్డుకు. అక్కడ ఖాళీగా ఉన్నది ఒక్క మంచమే. చూడ్డానికి ఆదివారం గంటసేపు రానిస్తారు. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ పోట్లాడుకోని రోజు లేదు, విడివిడిగా ఉన్న రోజూ లేదు.

ఆసుపత్రి ఫిజియోథెరపీ హాలు మధ్యలో, చేతుల్లేని కుర్చీలో ముసలాయన కూర్చున్నాడు. రిటైరైన పోస్టుమాన్. ముప్ఫై అయిదేళ్ళు సైకిలు తొక్కిన కాళ్ళు. నెల్లాళ్ళుగా అవే కాళ్ళతో గోడలు పట్టుకుని నడుస్తున్నాడు.

గోడ వారగా ఆయన భార్య. ఒళ్ళో శాలువా, చూపులో బెత్తం. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసింది. ఆవిడ విజిలేస్తే బయట రోడ్డు మీద లారీలు కూడా అటెన్షన్‌లో నిలబడేవట.

"మొదలుపెడదామా తాతగారూ?" అంది ఫిజియో. నిన్నగాక మొన్న కాలేజీ దాటినట్టున్న అమ్మాయి.

"పెడదాం. కుక్క తరిమితే సైకిలు భుజానేసుకుని ప్రహరీ దూకినవాణ్ణి. ఈ కుర్చీ ఒక లెక్కా."

"ఆ కుక్క సంగతి పెళ్ళైనప్పటినుంచి వింటున్నా," అంది టీచరు. "అప్పట్లో అది కుక్కపిల్ల. గోడ మోకాలెత్తు. ముందు లేవండి."

ముసలాయన చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. కుర్చీకీ ఆయనకీ మధ్య బెత్తెడు సందు వచ్చింది. దబ్బున కూలబడ్డాడు.

"అలా కాదండీ. పాదాలు వెనక్కి లాక్కోండి. ముక్కు మోకాళ్ళ మీదికి వచ్చేదాకా వంగండి. అప్పుడు లేవాలి. మీకంటే ఆరో క్లాసు పిల్లలు నయం."

"వాళ్ళకి నువ్వంటే భయం. నాకది ఎప్పుడో పోయింది."

"పోబట్టే ఇలా తయారయ్యారు."

రెండోసారీ అంతే. ఈసారి బెత్తెడు కూడా లేవలేదు. ఆయాసం హాలంతా వినబడింది.

ఫిజియో గడియారం వంక చూసింది. "ఇంక ఒక్కసారే తాతగారూ. మంచం ఉంచమనాలో వదిలేయమనాలో పదింటికల్లా డాక్టరుగారికి చెప్పాలి."

టీచరు తిట్టడం మానేసింది. శాలువా అంచు ఆవిడ గుప్పిట్లో నలిగిపోతోంది.

"ఏమండీ," అంది మెల్లగా. "ఎలాగోలా లేవండి. మీరు లేని ఇంట్లో నేనేం చేయను?"

ఆయన పాదాలు వెనక్కి లాక్కున్నాడు. వంగాడు. లేచాడు.

ఒకటి. టీచరు పెదాలు లెక్కపెడుతున్నాయి. రెండు.

మూడో అడుగు పడీ పడకముందే ఒళ్ళు పక్కకు ఒరిగింది. నేల మీద పరిచిన రబ్బరు చాప మీద దుంగలా పడ్డాడు. కళ్ళు మూతలు పడ్డాయి.

"అమ్మాయ్, చూస్తావేం? పట్టుకో."

అమ్మాయి కదల్లేదు. కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడింది.

"ఇలాంటివాళ్ళకా ఉద్యోగాలిచ్చేది," అంటూనే టీచరు లేచి గబగబా వచ్చింది. ఆయన పక్కన కూలబడి తల ఒళ్ళోకి తీసుకుంది. "ఏమండీ, ఇటు చూడండి. వార్డూ వద్దు గీర్డూ వద్దు. మనింటికి పోదాం. వినపడుతోందా?"

ముసలాయన ఒక కన్ను తెరిచాడు. చూపు ఆవిడ మీద కాదు, ఫిజియో మీద.

"ఎన్ని?" అన్నాడు.

"ఏడు," అంది ఫిజియో, గోడ దగ్గరినుంచి చాప దాకా చూపుతో కొలిచి.

టీచరు కళ్ళు తుడుచుకుంది. ముప్ఫై ఏళ్ళు మార్కులు వేసిన మనిషి. కొంప మునిగే వేళ కూడా దొంగలెక్క సహించలేకపోయింది.

"ఏడెక్కడివమ్మా. ఈయన మూడో అడుగుకే పడిపోయారు. నేను లెక్కపెట్టాను."

ముసలాయన నేలకు చెయ్యి ఆనించకుండానే ఒక్క ఊపున లేచి నిలబడి, అయిదు నెలలుగా ఎవరో ఒకరు ఎత్తి దింపితే తప్ప ఆవిడ దిగని చక్రాల కుర్చీ గోడ వారగా ఖాళీగా ఉండడం ఆవిడకు చూపించాడు.