తోడల్లుడి కారు

"అక్కడ కాదన్నయ్యా! అక్కడ జాకీ పెట్టారంటే బాడీ పగిలిపోద్ది!"

గిరిధర్ కేకకు దుర్గేష్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. గరాజ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మామగారు వీరరాఘవయ్య ఉలిక్కిపడి లేచాడు. ముందు కారు వంక చూశాడు. తర్వాతే పెద్దల్లుడి వంక చూశాడు. ఆ వరస దుర్గేష్ కంట పడనే పడింది.

"ఇది మీ కరోలా లాంటిది కాదన్నయ్యా. పైదంతా ఫైబర్. బరువు మోసేది కిందున్న ఇనప ఫ్రేము. ఇదిగో, ఈ గొట్టం కిందే జాకీ ఆనాలి," అన్నాడు గిరిధర్, నేలకు చెంప ఆనించి చూపిస్తూ.

'మీ కరోలా' అన్న మాట దుర్గేష్‌కు చురుక్కుమంది.

విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి, పరాయిదేశంలో తాముంటున్న టకానిని ఊళ్ళోని ఈ గరాజ్‌లోనే తోడల్లుడు గిరిధర్ తన చేతుల్తో బిగించుకున్న కారు అది. ఎర్రటిది, రెండే సీట్లు, పైకప్పు లేదు. దాని ఫోటోలు ఆర్కుట్‌లో ఎక్కినప్పటి నుంచి ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా అదే ఊసు. ఆ పొగడ్తలన్నీ దుర్గేష్ ఎలాగో మింగాడు. మింగుడు పడనిది మామగారి వ్యవహారం. గుంటూరు నుంచి వచ్చి దిగింది పెద్దల్లుడింట్లో. తినేదీ పడుకునేదీ అక్కడే. కాఫీ గొంతు దిగగానే మాత్రం రెండు వీధులు నడిచి ఇక్కడ వాలిపోతాడు. కరోలాలో ఎక్కిస్తే సిగ్నల్ దాటకముందే గురక పెట్టే పెద్దమనిషి, ఈ ఎర్రబండి ముందు కన్నార్పడు. పైగా చిన్నల్లుడితో గుసగుసలు. దుర్గేష్ రాగానే ఆ గుసగుసలు ఆగిపోతాయి.

వెనక బ్రేకులు మార్చాలి, సాయం రండి అని గిరిధర్ పిలిస్తే, సాకు దొరక్క వచ్చాడు. తీరా వచ్చాక తెలిసింది, పిలిచింది సాయానికి కాదు, పాఠం చెప్పడానికని.

"ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మలు పెట్టాలన్నయ్యా. వెనక చక్రాలు గాల్లోకి లేచాక హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక స్టాండ్ మీదకి దించి, ఓసారి గట్టిగా ఊపి చూడాలి. జాకీని నమ్మి కింద దూరామంటే అంతే సంగతులు."

"నాకు తెలుసులే గిరీ."

"తెలిసినా ఇంకోసారి వినండి."

"వినండి అల్లుడుగారూ, పనికొచ్చే మాటేగా," అన్నాడు మామగారు కూడా.

దుర్గేష్‌కు ఒళ్ళు మండింది. ఇలాంటి కారు ఉన్నవాడు చెప్తాడు, లేనివాడు వినాలి. అది కూడా మామగారి ఎదుట!

కుడిపక్క గిరిధర్ ఎత్తి స్టాండ్ మీద నిలబెట్టాడు. "ఎడంపక్క మీరు చెయ్యండి. నేను చూస్తా," అన్నాడు. ఇంతలో లోపల్నుంచి అతని భార్య అక్షయ పిలిచింది.

"ఏవండీ, ఫోను! మీరు ఎదురుచూస్తున్నదే!"

గిరిధర్ చేతులు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తాడు. వీరరాఘవయ్య కూడా, "ఏమన్నారో ఏమో," అనుకుంటూ వెనకే వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరికీ తెలిసిన సంగతి, తనకు తెలియని సంగతి ఇంకోటి!

గరాజ్‌లో దుర్గేష్, ఆ కారు మిగిలారు.

వంగి జాకీని ఇనప గొట్టం కింద సరిగ్గా పెట్టాడు. ఒక్క క్షణం ఆగాడు. ఇంటి తలుపు వైపు చూశాడు. జాకీని నాలుగు వేళ్ళ మేర బయటికి లాగాడు, కారు తలుపు కింది ఫైబర్ అంచు దాకా. పిడి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

చిట్‌మంది.

అంచు దగ్గర మొదలైన పగులు తలుపు కిందుగా వెనక చక్రం వైపు పాకింది. అద్దంలా మెరిసే ఎర్రరంగు అక్కడ పెచ్చులేచి పోయింది. దుర్గేష్‌కు ఎన్నాళ్ళుగానో రగులుతున్న కడుపుమంట చప్పున చల్లారింది. ఇప్పుడు తిప్పుకోమను ఊరంతా! ఇప్పుడు మురిసిపొమ్మను మామగార్ని!

గబగబా జాకీ దించి, చెప్పిన చోటనే పెట్టి ఎత్తాడు. స్టాండ్ జరిపి దాని మీదకి దించాడు. ఊపి కూడా చూశాడు. పగులు గోడ వైపు ఉంది. వంగి చూస్తే తప్ప కనపడదు. కనపడినా, రోడ్డు మీద రాయి తగిలిందనొచ్చు.

అందరూ ఒక్కసారే బయటికి వచ్చారు. గిరిధర్ ముఖం వెలిగిపోతోంది. వెనక అక్షయ, ఆమె పక్కన దుర్గేష్ భార్య హిమజ. హిమజ ఎప్పుడొచ్చిందో కూడా అతనికి తెలియదు. అక్కాచెల్లెళ్ళిద్దరి కళ్ళూ తడిగా ఉన్నాయి.

గిరిధర్ వచ్చి కారు వెనకభాగం పట్టుకుని గట్టిగా ఊపాడు. అది కదల్లేదు.

"శభాష్ అన్నయ్యా! సరిగ్గా నేను చేసినట్టే చేశారు. చూశారా మామయ్యగారూ, ఇక నేను లేకపోయినా పర్లేదు."

"నువ్వు లేకపోవడమేంటి?" అన్నాడు దుర్గేష్.

"బ్రిస్బేన్ ఉద్యోగం ఖాయమైందన్నయ్యా. ఇప్పుడే ఫోన్ చేశారు. వచ్చే నెలలోనే మా ప్రయాణం."

వీరరాఘవయ్య ముందుకొచ్చి, జేబులోంచి కుంకుమ బొట్టు పెట్టిన తాళంచెవి తీసి పెద్దల్లుడి అరచేతిలో ఉంచి, రెండు చేతులతో ఆ చేతిని మూశాడు.

"పెళ్ళిలో అలక పాన్పు ఎక్కి మీరు కారడిగితే ఇచ్చుకోలేకపోయాను అల్లుడుగారూ... గిరి దగ్గర బేరమాడి ఇది మీకోసమే కొన్నాను, ఇక అలక దిగండి."