గురక రిపోర్టు

వంటింటి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఒంటి మీద యూనిఫాం, భుజాన పనిముట్ల సంచి. టైము ఆరున్నర.

"అప్పుడే బయల్దేరారా?" అంది భార్య, టీ వడపోస్తూ.

అతను పెదవి చివర నవ్వు దాచుకుంటూ, "అది సరే, ముందు నా రిపోర్టు చెప్పు. రాత్రి ఎలా ఉంది?" అన్నాడు.

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో తెల్లవారేది ఈ ప్రశ్నతోనే.

అతను లిఫ్టు మెకానిక్. పొద్దున ఎనిమిదికి డ్యూటీ. లిఫ్టు ఎక్కి రెండంతస్తులు వెళ్తే చాలు, చప్పుడును బట్టి ఎక్కడ ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. అంతటి చెవి ఉన్నవాడికి సొంత గురక మాత్రం వినపడదు. ఎవరికి వినపడుతుంది కనుక. ఆవిడది లైబ్రరీలో ఉద్యోగం. పగలంతా చీమ చిటుక్కుమన్నా వినపడే చోట కూర్చుని వచ్చి, రాత్రయ్యేసరికి లారీల మధ్య పడుకున్నట్టుందని ఆవిడ గోల.

ఇరవై రెండేళ్ళు ఓర్చుకుంది. కూతురు హాస్టల్లో చేరి గది ఖాళీ కాగానే దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని అందులోకి మారిపోయింది.

"కోపంతో కాదండీ. గురక తగ్గగానే వచ్చేస్తాను," అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆ మనిషి పడ్డ తిప్పలు చెప్తే నవ్వుతారు. వెల్లకిలా పడుకోకూడదని చొక్కా వీపుకు టెన్నిస్ బంతి కుట్టించుకున్నాడు. రాత్రి తిండి సగానికి సగం తగ్గించి ఏడు కిలోలు తగ్గాడు. రోజూ ఆవిరి పట్టాడు. గొంతు కండరాలు గట్టిపడతాయని ఎవరో చెబితే, పొద్దున్నే బాల్కనీలో నిలబడి నాలుక బయటపెట్టి గడ్డానికి ఆనించే కసరత్తు మొదలుపెట్టాడు. ఎదురింటావిడ చూసి కిటికీ మూసేసుకుంది. అయినా మానలేదు. భార్య పక్కన లేకపోవడం అతనికి బొత్తిగా అలవాటు కాలేదు మరి. మంచమంతా ఖాళీగా ఉన్నా ఇప్పటికీ తన వైపు అంచునే పడుకుంటాడు.

పొద్దున లేవగానే పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఆవిడ పెదవి విరిచి రోజుకో మాట చెప్పేది.

"గోడ అవతలికి కూడా వినపడిందండీ."

"మొన్నటి మీద కాస్త నయం. కాస్తే."

"ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ప్రయత్నం మాత్రం బాగా చేస్తున్నారు."

తోటి మెకానిక్ ఒకసారి సలహా ఇచ్చాడు. "ఫోన్లో రికార్డు పెట్టుకో గురూ, ఒక్క రాత్రితో తేలిపోతుంది." ఇంటికొచ్చి ఆ మాటే భార్యతో అన్నాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"అంటే నా మాట మీద నమ్మకం లేదన్నమాట."

"ఛ, అదేం మాటే," అని నాలుక కరుచుకున్నాడు. మళ్ళీ ఫోను జోలికి పోలేదు. పెళ్ళాం మాటకు సాక్ష్యం వెతుక్కునేంత దిగజారిపోయానా అని రెండు రోజులు తనను తనే తిట్టుకున్నాడు.

పైగా తప్పు తనది కదా అని ఆ గదికి కావలసినవన్నీ తనే అమర్చిపెట్టాడు. పుస్తకాలకు చెక్క అర బిగించాడు. మంచం పక్కన చదువుకునే దీపం పెట్టాడు. తలుపు సందులోంచి చప్పుడు వస్తోందంటే చుట్టూ రబ్బరు పట్టీ అంటించాడు. లోపలి గడియ వదులైందంటే అదీ కొత్తది వేశాడు. ఆవిడ తొమ్మిదిన్నరకల్లా ఆ గడియ వేసేసుకుంటుంది.

"రాత్రి సంగతి అడగకండి," అంది ఆవిడ ఇవాళ, టీ గ్లాసు అందిస్తూ. "ఇన్ని నెలల్లో ఇదే ఘోరం. రెండింటికి లేచి గోడ కూడా తట్టాను. వినపడలేదా?"

అతని పెదవి మీది నవ్వు అక్కడే ఆగిపోయింది.

"లేదు," అన్నాడు.

"ఎలా వినపడుతుందిలెండి ఆ హోరులో. అద్దంలో చూసుకోండి, కళ్ళెలా ఎర్రబడ్డాయో. గురక పెట్టేవాళ్ళకు నిద్ర చాలదట. మా లైబ్రరీలో ఏదో పుస్తకంలో చదివాను."

"నిజంగా అంత గట్టిగా పెట్టానా?"

"మీ మీద ఒట్టు."

గ్లాసు అతని చేతిలో అలాగే ఉండిపోయింది. తెరిచిన తలుపులోంచి ఆ గది కనిపిస్తోంది. అర, దీపం, కొత్త గడియ, అన్నీ ఈ చేతులతో బిగించినవే. వీపు కింద బంతి, ముఖం మీద ఆవిరి, ఆకలితో దొర్లిన రాత్రులు, ఎనిమిది నెలలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏడుపొచ్చినంత పనైంది. గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు వంక చూస్తూ నిలబడ్డాడు.

"అంత దిగులు దేనికండీ. ఇంకో రెండు నెలలు చూద్దాం," అంది ఆవిడ జాలిగా. "ఎలాగూ సంచి భుజానే ఉంది, వెళ్ళేముందు నా గదిలో కర్టెన్ రాడ్డు కాస్త బిగించి వెళ్దురూ."

ఇన్నాళ్ళూ దాన్ని 'పిల్ల గది' అనేది.

అతను సంచి కింద పెట్టాడు.

అతను ఎక్కడికీ వెళ్ళడం లేదు; ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే నిన్న రాత్రి పదింటికి బయల్దేరినవాడు, ఇదిగో, ఇప్పుడే ఇంట్లో అడుగుపెట్టాడు.