ఎనిమిదో బొమ్మ

తాతయ్య కెమెరా కొట్టెయ్యడానికి ఎనిమిది బొమ్మలు చాలని మనవరాలు లెక్కేసుకుంది.

ఆమె సినిమా కోర్సు విద్యార్థిని. షార్ట్ ఫిల్మ్ తీసేముందు ప్రతి షాటూ ఒక కార్డు మీద గీసి స్టోరీబోర్డు తయారు చెయ్యాలని మాస్టారి నియమం. బొమ్మలైతే గీయగలదు. కెమెరాయే లేదు. కాలేజీవి రెండూ వేరే జట్లు పట్టుకుపోయాయి. శనివారంలోగా కెమెరా దొరక్కపోతే ఆమె దర్శకురాలు కాదు, పక్క జట్టుకి లైట్లు మోసే మనిషి.

"ఒక్క రోజుకి ఇవ్వు తాతయ్యా."

"మీ బాబాయీ ఒక్క రోజే అన్నాడు. పాతది ఏట్లో పడేసి వచ్చాడు. అప్పట్నుంచీ నా కెమెరా నా బీరువా దాటదు."

బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో నానమ్మకి కూడా తెలీదు. తాతయ్య బలహీనత మాత్రం అందరికీ తెలుసు. నలభై ఏళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీసిన మనిషి. తప్పు గీత కంటపడితే ముద్ద దిగదు. ఒకసారి డాక్టరు గదిలో వేలాడే గుండె పటాన్ని కూడా దిద్దబోయాడు.

అందుకే ఆమె తన సినిమా కథనే మార్చేసింది. ఒక మనవరాలు తాతయ్య కెమెరా దొంగిలించే కథ. పడక్కుర్చీ, పేపరు, బీరువా అన్నీ గుర్తున్నంతలో ఉన్నట్టే గీసింది. నాలుగో బొమ్మలో మాత్రం తాళంచెవిని కావాలనే దిండు కింద పెట్టింది. ఎనిమిది కార్డులూ భోజనాల బల్ల మీద వరసగా పరిచి కాలేజీకి వెళ్ళింది.

సాయంత్రానికి బల్లంతా రబ్బరు పొట్టు.

బీరువా తలుపు కీలు ఎడమనుంచి కుడికి మారింది. దిండు మాయమైంది. దాని చోట గోడగడియారం, లోపల మేకు, మేకుకి తాళంచెవి. పక్కన కొలత కూడా: నేలనుంచి ఐదడుగుల రెండంగుళాలు.

"తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోకుండా దొంగతనం సినిమా ఏంటే?" అన్నాడు తాతయ్య. "పైగా నేను నోరు తెరుచుకుని నిద్రపోతానా? మూసేశాను చూడు."

"బొమ్మలో గురక వినపడదు కాబట్టి బతికిపోయారు," అంది వంటింట్లోంచి నానమ్మ.

ఎనిమిదో కార్డు మాత్రం కనిపించలేదు. ఫ్యాను గాలికి ఎటో ఎగిరిపోయుంటుంది. దొంగ కెమెరాతో గుమ్మం దాటే బొమ్మేగా, పోతే పోయింది. ఒక మనిషిని ఇంత బాగా చదవగలిగానన్న గర్వం ముందు ఆమెకి ఏదీ పెద్దగా తోచలేదు. ఆ గర్వం అడుగున చిన్న సిగ్గు ఒకటి, చెప్పులో దూరిన ఇసుకరేణువులా. నాలుగడుగులు వేస్తే అదే సర్దుకుంటుందనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం తాతయ్య గుండెల మీద పేపరు కప్పుకుని పడక్కుర్చీలో వాలాడు. అచ్చం మూడో బొమ్మ. గురక కూడా లేదు. మంచి నిద్రలో ఉన్నాడనుకుంది.

గడియారం తెరిచింది. చెప్పిన కొలతకి చెప్పినట్టే తాళంచెవి. వీధంతా వినేలా కిర్రుమనే బీరువా తలుపు ఇవాళ కిక్కురుమనకుండా తెరుచుకుంది. కలిసొచ్చే కాలమంటే ఇదే.

లోపల కెమెరా సంచీ. ఖాళీ. దాని మీద ఎనిమిదో కార్డు.

ఆమె గీసిన గుమ్మం శుభ్రంగా చెరిగిపోయి ఉంది. దాని చోట తెరిచిన బీరువా, దాని ముందు నోరెళ్ళబెట్టిన అమ్మాయి, వెనక పడక్కుర్చీలో కెమెరా ఎక్కుపెట్టిన ముసలాయన. కింద ప్లాను మీద రాసినట్టు పొందికైన అక్షరాలు: 'కెమెరామన్: తాతయ్య. శనివారానికి ఖాళీయే.'

ఆమె గిరుక్కున తిరిగింది. పేపరు నేలమీద పడి ఉంది. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"అప్పుడే నోరు మూసెయ్యకమ్మా," అన్నాడు తాతయ్య, కెమెరాని కంటి దగ్గర్నించి తియ్యకుండానే. "బొమ్మలో తెరుచుకునే ఉంది."