కూర్చోమన్నవాడు

"ఆ నిచ్చెన అడిగి తెచ్చింది నువ్వు. ఇచ్చి రావాల్సిందీ నువ్వే," అంది లొరెటా.

"ఆ మనిషి గడప నేను తొక్కను," అన్నాడు డ్వేన్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"ఎక్కేటప్పుడు బాగానే ఉంది, మోసేటప్పటికి బరువైందా?"

"ఫైనల్లో నా కొడుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. అలాంటివాడికి నిచ్చెనొకటి తక్కువైందా?"

హైస్కూలు ఫుట్‌బాల్‌లో గెలవాల్సిన ఆట. సగంలో వాళ్ళబ్బాయి కోల్బీని పక్కన పెట్టాడు కోచ్ హాస్కెల్. ఎందుకని అడిగితే "నా నిర్ణయం" అన్నాడు, అంతే. ఊరంతా అతనితో మాట మానేసింది.

ఓడిన కోచ్ ఇంటిముందు ఊరు వదిలిపొమ్మన్నట్టు 'ఈ ఇల్లు అమ్మకానికి' అని బోర్డు పాతడం నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరికి అలవాటే. ఈసారి మొదటి బోర్డు పాతింది డ్వేన్.

హాస్కెల్‌కి భార్యాపిల్లలు లేరు. రోజూ పొద్దున్నే ఒక్కడే వచ్చి, బోర్డులు పీకి, గోడకి ఆనించి లోపలికి పోయేవాడు.

చివరికి నిచ్చెన లొరెటాయే మోసుకెళ్ళింది.

పచ్చికలో మళ్ళీ ఓ బోర్డు. సిగ్గనిపించి పీకబోయింది. కదల్లేదు.

"అది నిజం బోర్డేనమ్మా," అంది అట్టపెట్టెతో బయటికొచ్చిన ముసలావిడ. "నేను ఆర్విల్ హాస్కెల్ అక్కని."

"కోచ్ గారు లేరా?"

"వృద్ధాశ్రమంలో చేర్పించాను. మతిమరుపు ముదిరిపోయింది. నిన్న నన్నే 'ఎవరు మీరు' అన్నాడు. కాలేజీలో గొప్ప ఆటగాడమ్మా. తలకి దెబ్బలు తగిలి కళ్ళు తిరుగుతున్నా ఆడించారు. జనం చప్పట్లు కొట్టారు. కాసేపు కూర్చోరా అన్నవాడు ఒక్కడు లేడు."

పెట్టె కింద పెట్టి, "వాణ్ణి చూడ్డానికొచ్చింది మీరొక్కరే," అంది.

నిచ్చెన కోసం వచ్చానని లొరెటా చెప్పలేకపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర, "కోచ్ ఇల్లు అమ్మేస్తున్నారు," అంది.

"మన బోర్డు పనిచేసిందన్నమాట!" నవ్వాడు డ్వేన్.

"మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నాడట."

డ్వేన్ నవ్వు ఆగింది. కోల్బీ ఫోర్కు పక్కన పెట్టాడు.

"నేను కాలేజీలో ఆడను."

"పిచ్చా? వాళ్ళు సీటిచ్చిందే నీ ఆట చూసి!"

"ఆ రోజు తలకి దెబ్బ తగిలాక, మనం ఎటువైపు పరిగెత్తాలని కోచ్‌నే అడిగాను నాన్నా. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. ఇక ఆడకూడదన్నారు."

"మరి కోచ్ మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని నేనే బతిమాలాను. 'చెప్పాల్సింది నువ్వే. నీకా ధైర్యం వచ్చేదాకా తిట్లు నేను తింటాలే' అన్నారు."