ఆరడుగుల వీధి

హలో, అందరికీ నమస్కారం. నా మాట వినబడుతోందా? చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. ఒక టైలర్ మాస్టారి సంగతి.

పొద్దున్నే తలుపు తీసేసరికి టైలర్‌కి గడప ముందు గోడ కనబడింది. మోకాలెత్తు లేచింది. సిమెంటు ఇంకా తడిగానే ఉంది.

ఆయనది ఒక్క గది ఇల్లు. తలుపు నుంచి వెనక గోడ దాకా తొమ్మిదడుగులు. మిగతా మూడు పక్కలా వేరేవాళ్ళ గోడలే. ఉన్న ఒక్క తలుపూ పళ్ళ డాక్టరు ఖాళీ స్థలంలోకి తెరుచుకుంటుంది. ఆ స్థలంలో ఇప్పుడు ఆస్పత్రి కడుతున్నారు.

"డాక్టరుగారూ, గోడ కట్టేస్తే మేమెటు పోవాలండీ?"

"నా హద్దులో నేను ప్రహరీ కట్టుకుంటున్నాను మాస్టారూ. ప్లాను చూపించమంటే చూపిస్తా."

"ప్లాను నేనేం చేసుకోను? నాకు దారి కావాలి."

"దారి నన్నడిగితే ఎలా? ఈ ఇల్లు కట్టినవాణ్ణి అడగండి."

లోపలి నుంచి టైలర్ భార్య అందుకుంది. "ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయింది. అడగడానికి మమ్మల్నీ అక్కడికే పంపేలా ఉన్నారు."

మధ్యాహ్నానికి గోడ నడుం దాకా వచ్చింది. ప్యాంటు కోసం వచ్చిన మనిషి అవతలే నిలబడి, చెయ్యి చాచి పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఇంకో రెండు వరసలు పేరిస్తే ఆ చెయ్యి కూడా అందదు. టైలర్ స్టూలు వేసుకుని, గోడ దూకి, మునిసిపల్ ఆఫీసుకి పరిగెత్తాడు.

ప్లానింగ్ ఆఫీసరమ్మ ఫైలు తిరగేసింది. "ఆయన భవనానికీ మీ ఇంటికీ మధ్య ఆరడుగులు వదిలారు కదండీ. మీకు గాలి రావాలనే ఆ నిబంధన."

"గాలి వస్తుందమ్మా. గాలయితే గోడ మీద నుంచి పోతుంది. మేం పోలేం కదా."

ఆవిడ ఫైలు పక్కన పెట్టింది. "స్థలం ఆయనది, ప్రహరీ వద్దని నేననలేను. అలాగని మిమ్మల్ని లోపలపెట్టి మూసేయడమూ కుదరదు. ఉండండి, ఆయన్ని కూడా పిలుస్తాను."

డాక్టరు వచ్చి కూర్చున్నాడు. ఆఫీసరమ్మ ఇద్దరికీ మధ్యలో ప్లాను పరిచింది.

"డాక్టరుగారూ, ఆ ఆరడుగులూ వీధి కింద రాసిచ్చేయండి. అప్పుడు మీది రెండు వీధుల మూల అవుతుంది. మూల స్థలానికి ఇంకో అంతస్తు ఇవ్వొచ్చు. ఆయనకి దారి, మీకు అంతస్తు."

అప్పటిదాకా ముఖం ముడుచుకుని కూర్చున్న డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఎన్నాళ్ళలో ఇస్తారు?"

"ఇద్దరూ సంతకాలు పెడితే వారంలో. మాస్టారూ, ఈ ఒప్పందం నాలుగు పేజీలుంది. ఇంటికి తీసుకెళ్ళి నిదానంగా చదువుకోండి."

"ఇంటికెళ్ళాలంటే మళ్ళీ గోడ దూకాలమ్మా. పెన్ను ఇలా ఇవ్వండి."

సాయంత్రానికి తాపీమేస్త్రీ గోడ పడగొట్టేశాడు. టైలర్ మెడలో టేపు తీసి గడప నుంచి ఆస్పత్రి గోడ దాకా కొలిచాడు. డెబ్బై రెండు అంగుళాలు, ఒక్క అంగుళం కూడా తక్కువ లేదు.

"చూశావా, మనింటి ముందుకీ వీధి వచ్చింది," అన్నాడు భార్యతో.

"వచ్చిందిలెండి. ఆ సిమెంటు కాళ్ళతో లోపలికి రాకండి," అంది ఆవిడ. అన్నదే గానీ, ఆ రాత్రి చాలాసేపు తలుపు తెరిచే ఉంచింది.

వారం తిరిగేసరికి ఆఫీసు నుంచి కొలతలవాడు వచ్చాడు. ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో ఎర్ర రంగు డబ్బా.

"డాక్టరుగారిది అటండీ," అన్నాడు టైలర్.

"ఆయనది అయిపోయింది మాస్టారూ. వీధంటే పన్నెండడుగులు ఉండాలి. సగం ఆయనిచ్చాడు, సగం మీది. మూడో పేజీలో ఉంది, కింద మీ సంతకం కూడా ఉంది."

కొలతలవాడు టేపు కొస గడప దగ్గర తొక్కిపెట్టమని టైలర్‌కే చెప్పి, మిషను పక్క నుంచి లోపలికి నడిచాడు. ఆరో అడుగు దగ్గర ఆగి, ఈ గోడ నుంచి ఆ గోడకి నేల మీద ఎర్ర గీత గీశాడు. గీతకి అవతల మిగిలింది మూడడుగులు.

అప్పుడు వెనక్కి తిరిగి, పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడిపోయిన టైలర్ భార్యతో మర్యాదగా అన్నాడు.

"ఏమనుకోకండమ్మా, మీరు వీధిలో వంట చేస్తున్నారు."

అదండీ సంగతి. మీకు తెలిసినవాళ్ళెవరైనా పెన్ను తీసి చదవని కాగితం మీద పెట్టబోతుంటే, పెట్టకముందే ఇది వాళ్ళకి పంపించండి. ఉంటాను.