గోడ మీది ఆవిడ

“ఇంత నల్లటి కాఫీ తాగితే కడుపులో పుండ్లు పడతాయిరా!” అంది తల్లి, కప్పు వాడి నోటిదాకా వెళ్ళకముందే.

గోడల మీద బొమ్మలు వేసే కొడుకు నెల్లాళ్ళుగా ఫోన్ చెయ్యలేదు. ఏ నిచ్చెన మీంచో పడి ఉంటాడని గుండె చిక్కబట్టుకుని, చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చేసింది. వాడేమో నిక్షేపంగా, ఒంటినిండా రంగులతో ఎదురొచ్చి, తాతల నాటి ఈ కాఫీ కొట్టుకి తీసుకొచ్చాడు. ఊళ్ళో ఖాళీ గోడంటూ లేదు, అన్నిటి మీదా బొమ్మలే.

ఎదుటి గోడ మీద మూడంతస్తుల ఎత్తున ఒకావిడ కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తోంది.

“ఇదీ నువ్వే వేశావా? అంత ఎత్తెక్కావా!”

తలూపాడు.

“పాపం, ఎవర్రా ఈవిడ? కొంప మునిగినట్టు ఆ మొహమేంటి? కాస్త నవ్వుతున్నట్టు వెయ్యకూడదూ?”

వాడు కాఫీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

పక్క బల్ల తుడుస్తున్న కొట్టావిడ అందుకుంది. “నవ్వితే ఎవరాగుతారు పిన్నిగారూ? ఆ మొహం చూసి, కాఫీ తాగేవాళ్ళు కూడా సగంలో లేచి ఇంటికి ఫోన్ చేస్తున్నారు.”

నిజమే. గోడ కింద ముగ్గురు ఫోన్లు చెవికి ఆనించుకుని, “తిన్నానమ్మా, తిన్నాను” అంటున్నారు.

తల్లి మళ్ళీ గోడకేసి చూసింది. “ఊరందరి చేతా ఫోన్లు చేయిస్తోంది సరే, ఈవిడ కన్నపిల్లలు ఈవిడకి చేస్తున్నారో లేదో!”

కొడుకు కప్పు దించాడు.

“లేదమ్మా,” అన్నాడు. “నెల్లాళ్ళూ నీ బొమ్మ వెయ్యడంతోనే సరిపోయింది.”