జెల్ మీద పరాయి గీత

“పనికిరాదని రాసి పంపెయ్. ఇంకా ఎందుకు నానుస్తున్నావ్?” అన్నాడు ల్యాబ్ పెద్దాయన.

“అది ఏ ప్రోటీనో తేలకుండా నేను సంతకం పెట్టను సార్,” అంది కెమిస్టు.

“మూత్రంలో ఇంత ప్రోటీన్ పోతోందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే. అలాంటిదాన్ని తీసి ఇంకొకరికి పెట్టరు. అక్కడితో సరి!”

“సరే, కానీ అది మనిషి ప్రోటీనేనా సార్?”

ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు. ఈమెతో వాదించడం గోడతో వాదించడమేనని ఆయనకు ఎప్పుడో తెలుసు.

ఆ మూత్రం ఒక కోడలిది. కిడ్నీలు పాడైన అత్తగారికి తన కిడ్నీ ఒకటి ఇవ్వడానికి వచ్చింది. రక్తం సరిపోయింది, స్కానింగ్ బాగుంది. తీరా రోజంతా ఇంట్లో డబ్బాలో పట్టి తెచ్చిన మూత్రంలో మాత్రం బోలెడంత ప్రోటీన్. మళ్లీ పట్టి తెమ్మంటే మళ్లీ అదే తంతు. విచిత్రమేమిటంటే, మనిషి మూత్రంలోకి జారే అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను ఇట్టే పట్టేసే రసాయనం దీన్ని చూసి ఉలకలేదు, పలకలేదు. ప్రోటీన్లను సైజును బట్టి గీతలుగా విడదీసే జెల్ మీద నడిపితే, గీత అల్బుమిన్ ఉండాల్సిన చోట లేదు. బాగా కిందికి దిగిపోయింది.

కెమిస్టుకు అనుమానం వచ్చింది. క్యాంటీన్ నుంచి ఒక పచ్చి గుడ్డు తెప్పించి, తెల్లసొన చుక్కను పక్క గడిలో పోసి నడిపింది. రెండు గీతలూ కవల పిల్లల్లా పక్కపక్కనే నిలబడ్డాయి.

ఆమెకు ఒళ్లు మండింది. కోడలి మీద కాదు. కిందటిసారి వచ్చినప్పుడు, “ఇష్టపడే ఇస్తున్నావా అమ్మా?” అని అడిగితే, ఆ పిల్ల నోరు విప్పేలోపే అత్తగారు అందుకుంది.

“దాన్నేం అడుగుతారు? డబ్బా తెచ్చాం కదా, పరీక్ష చేసి తేల్చండి!”

కోడలు తల వంచుకుని, “మా ఇంట్లో ఇంకెవరిదీ సరిపోలేదండీ,” అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. కెమిస్టు కోడలి చేతిలో చిన్న కప్పు పెట్టింది. “ఈసారి ఇక్కడే పట్టివ్వమ్మా. బాత్రూమ్ ఆ చివర.”

“నేనూ వెళ్తా దాంతో,” అంటూ పెద్దావిడ లేవబోయింది.

“మీరు కూర్చోండి.”

కోడలు వెళ్లగానే కెమిస్టు తలుపు మూసింది.

“ఆ డబ్బాలో ఉన్నది మీ కోడలి ప్రోటీన్ కాదు. కోడిగుడ్డు తెల్లసొన.”

పెద్దావిడ మొహం పాలిపోయింది. డయాలసిస్ సూదులకు కమిలిన చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుంది.

“ఇవ్వడం ఇష్టం లేక, మీకు ఎదురు చెప్పే ధైర్యం లేక, పాపం ఇలా చేసింది,” అంది కెమిస్టు. “ఆ పిల్లకు నోరు లేకపోతే నాకుంది. ఇష్టం లేని మనిషి ఒంట్లోంచి కిడ్నీ కోసి తీస్తారా? నా ఉద్యోగం ఊడినా సరే, అది మీకు రానివ్వను!”

“రానివ్వవా?”

“రానివ్వను.”

“మా అబ్బాయి వచ్చి నానా గొడవా చేస్తాడు. మీ పెద్దాయన దగ్గరికి వెళ్తాడు.”

“ఇంకా పైవాళ్ల దగ్గరికి వెళ్లమనండి. ఎవరొచ్చినా నా మాట ఇదే.”

పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది. బయట అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. గబగబా ముందుకు వంగి, కెమిస్టు చెయ్యి పట్టుకుంది.

“ఆ మాట మీదే నిలబడు తల్లీ. దానికి మాత్రం ఈ సంగతి చెప్పకు.”

“ఏ సంగతి?”

“గుడ్డు కలిపింది నేను.”